అత్తయ్య వచ్చిన సాయంత్రం

రానని చెప్పేశాను కదా అత్తయ్యా! మా అక్క చేత ఫోను చేయించి చెప్పించాను. మీ మరిదిగారు వచ్చి అడిగితే ఆయనకీ చెప్పాను. ఇంకా ఎంతమందికి చెప్పమంటారు? అందరూ అయిపోయారని ఇప్పుడు మిమ్మల్ని పంపాడా మీ అబ్బాయి?

సరే, వచ్చారుగా. గుమ్మంలో నిలబడి మాట్లాడుకుంటే ఎదురువాటా ఆవిడ చెవులు రిక్కించుకుని కూర్చుంటుంది. లోపలికి రండి. రమ్మంటున్నాగా.

అటు కాదు, ఇటు. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి, కూర్చుంటే ఊగుతుంది. మంచం మీద కూర్చోండి. అయ్యో, బల్ల! చూసుకోవద్దూ? మోకాలికి తగిలిందా? ఆ సంచి ఇలా ఇవ్వండి. వద్దా? పోనీలెండి, ఒళ్ళోనే పెట్టుకోండి.

ఇల్లంటే ఇదే. చూడటానికేం లేదు. ఆ మూల పొయ్యి, ఈ మూల మంచం, మధ్యలో నేను. కిటికీ తీస్తే కింద స్కూటర్లు బాగుచేసే షెడ్డు. పగలంతా సుత్తి చప్పుడే. మొదట్లో ప్రతి దెబ్బకీ ఉలిక్కిపడేదాన్ని. ఇప్పుడు అది ఆగితే తోచదు.

టీ పెడతాను. మొహమాటం ఎందుకు, మీకోసం కాదు, నాకోసం. పొద్దున షాపు తీసినప్పటి నుంచి నిలబడే ఉన్నాను, కాళ్ళు లాగేస్తున్నాయి. ఇవాళ మీతో పోట్లాడే ఓపిక కూడా లేదు, నిజం చెబుతున్నాను.

మీరేం చెబుతారో నాకు తెలుసు. వాడు మారిపోయాడంటారు. తిండి సరిగ్గా తినడం లేదంటారు. చిన్నప్పుడు ఎంత మెత్తనివాడో, పిచ్చుక గూడు కింద పడితే రోజంతా ఏడ్చాడంటారు. ఆ పిచ్చుక కథ ఎన్నిసార్లు విన్నాను! నేను మొహం వాచి వంటింట్లో కూర్చుంటే, పక్కన కూర తరుగుతూ మీరు చెప్పేది ఆ కథే. పిచ్చుక మీద అంత జాలి ఉన్నవాడికి…

సరే, వదిలేయండి.

కాదు, వదలను. ఇంత దూరం వచ్చారు కాబట్టి వినండి. మా అక్క ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఈ మాటలన్నీ స్నానాల గదిలో చెప్పుకునేదాన్ని, మీరు ఎదురుగా ఉన్నట్టు. అక్కకి వినపడకుండా కుళాయి తిప్పి మరీ చెప్పుకునేదాన్ని. పాపం, ఎన్ని బకెట్ల నీళ్ళు వృథా చేశానో!

నా కళ్ళ సంగతి మీకు తెలుసు. చిన్నప్పటి నుంచీ సోడాబుడ్డి అద్దాలే. అవి తీస్తే ఎదురుగా మొహం ఉంటుంది, అందులో కళ్ళూ ముక్కూ ఉండవు. పెళ్ళైన కొత్తలో మీ అబ్బాయి స్నేహితులు భోజనానికి వచ్చారు, గుర్తుందా? ఏదో ప్రయాణం గురించి చెబుతున్నాడు. రైల్లో వెళ్ళామన్నాడు. నేను పక్కనుంచి నవ్వుతూ, రైలు కాదండీ, బస్సు, అన్నాను. అంతే. అందరూ నవ్వారు. తనూ నవ్వాడు.

వాళ్ళు వెళ్ళాక గదిలోకి పిలిచాడు. కోపంగా కాదు, మెల్లగా. నా కళ్ళజోడు రెండు చేతులతో జాగ్రత్తగా తీశాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ముద్దు పెట్టుకుంటాడనుకున్నాను. మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత కొట్టాడు. ఎటువైపు నుంచి వస్తోందో నాకు కనపడలేదు.

ఇక అదే పద్ధతి అయిపోయింది. ముందు జోడు తీయడం, తర్వాత మిగతాది. రేపిస్తాలే అనేవాడు. ఒక్కోసారి ఆ రేపు వచ్చేది కాదు. గోడ పట్టుకుని తిరిగేదాన్ని. పాలు పొంగి మాడితే వాసనొచ్చాకే తెలిసేది. మీరు అదే ఇంట్లో ఉన్నారు. కళ్ళజోడు ఏమైందే అని ఒక్కరోజు అడగలేదు. అడగడమెందుకు, తెలుసుగా!

దెబ్బదేముంది, తగులుతుంది, పోతుంది. దానికి ముందు ఇల్లంతా అలికేసినట్టు అయిపోతుంది చూడండి, ఆ మసక. నా ఇల్లు, నేను రోజూ తుడిచే ఇల్లు, అందులో నేను దారి తప్పేదాన్ని.

ఏమిటి? మామయ్యగారి ముందు ఇదెంత అంటున్నారా? అన్లేదా? పెదవి కదిలితేనూ. అవును, మీరు పడ్డది ఇంతకంటే ఎక్కువే. నాకు తెలియదనుకోకండి. మామయ్యగారు పోయాక, పలకరింపులకి వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక, మీరు మధ్యాహ్నం పడుకుని చీకటి పడేదాకా లేవలేదు. మీరు పగలు పడుకోవడం నేను చూడటం అదే మొదలు. బెంగ పెట్టుకుంది అంది మీ చెల్లెలు. బెంగా? నేను వంటింట్లోంచి మీ గురక విని, పాపం ఎన్నేళ్ళకి కంటినిండా నిద్రపోయిందో ఈవిడ, అనుకున్నాను.

అందుకే నాకు మీ మీద కోపం ఎక్కువ. తెలియనివాళ్ళైతే తెలియక ఊరుకున్నారనుకోవచ్చు. మీరు తెలిసి ఊరుకున్నారు.

చివరిసారి జేబులో పెట్టుకోలేదు. నేలకేసి కొట్టి మడమతో తొక్కాడు. ఎందుకో చెబితే నవ్వుతారు. మా అక్కతో ఫోనులో మాట్లాడుతూ గది తలుపు దగ్గరికి వేశానట! దాచుకోవలసినంత మాటలేమున్నాయి మీకు, అని. నేను ఎలాగో పాక్కుంటూ వచ్చి మీ తలుపు కొట్టాను. అత్తయ్యా, అత్తయ్యా అని పిలిచాను. లోపల మంచం కిర్రుమంది. మీరు లేచారు, తలుపు దాకా వచ్చారు. మీ అడుగుల చప్పుడు విన్నాను. తర్వాత గడియ పడిన చప్పుడూ విన్నాను.

ఆఁ, టీ పొంగుతోంది. ఉండండి.

తీసుకోండి. ఇదిగో, ఇటు. వేడిగా ఉంది, జాగ్రత్త. ఇంత ఉక్కలో ఆ శాలువా ఏమిటండీ, తీసెయ్యకూడదూ? మీ ఇష్టం.

మెట్లు కూర్చుని దిగాను ఆరోజు, పసిపిల్లలు దిగినట్టు. బస్సులన్నీ ఒకటే రంగు నాకు. పక్కన నిలబడ్డ ఎవరో ఆవిడని, ఇది ఎక్కడికి పోతుందండీ, అని అడిగాను. ఆవిడ నా మొహం చూసింది కాబోలు, ఏమీ అడగలేదు. మోచెయ్యి పట్టుకుని ఎక్కించి కూర్చోబెట్టింది. ఎవరో ఏమో! ఇప్పుడు ఎదురుపడినా గుర్తుపట్టలేను. చూడలేదుగా.

అక్క బంగారం. కానీ ప్రేమ ఎక్కువై ప్రశ్నలు ఎక్కువ. ఎప్పుడు మొదలైంది, నాకెందుకు చెప్పలేదు, మొదటిసారే ఎందుకు రాలేదు… నాకు తెలిస్తే కదా చెప్పడానికి! బావగారైతే నేను వస్తే లేచి పక్క గదిలోకి వెళ్ళిపోయేవారు, ఏం మాట్లాడాలో తెలియక. మంచి మనిషే. నన్ను చూస్తే ఆయనకి భయం.

కొత్త కళ్ళజోడుకని అక్క ఈ వీధి చివర షాపుకి తీసుకొచ్చింది. షాపు పెద్దాయన ఉన్నాడే, ఆయన ఒక ఫ్రేము తీసి, నాకు పెట్టి చూద్దామని రెండు చేతులూ మొహం దగ్గరికి తెచ్చాడు. నేను తల పట్టుకుని కింద కూర్చుండిపోయాను. షాపు నిండా జనం! అక్క ఏడుపు. ఆయన ఏం చేశాడో తెలుసా? జోడు బల్ల మీద పెట్టి నా వైపు తోశాడు. “నువ్వే పెట్టుకో అమ్మాయ్. ఎక్కడ నొక్కుతోందో నాకేం తెలుస్తుంది, నువ్వు చెప్పాలి,” అన్నాడు.

పెట్టుకున్నాను. ఎడమ చెవి వెనక నొక్కుతోందన్నాను. సరిచేశాడు. ఇంకా నొక్కుతోందన్నాను. మళ్ళీ సరిచేశాడు. విసుక్కోలేదు. కాదు కాదు, విసుక్కున్నాడు, ఆ ఫ్రేము తయారుచేసినవాణ్ణి! నన్ను కాదు. నాకు నొప్పిగా ఉందని చెబితే ఒక మగమనిషి ఇంకొకణ్ణి తిట్టడం నేను చూడటం అదే మొదలు.

పనికి మనిషి కావాలి అని గాజు తలుపు మీద అంటించి ఉంది. నా పవరు అద్దాలు బిగించి ఇచ్చాక, కొత్త జోడుతో నేను చదివిన మొదటి మాట అదే. అక్క వద్దంటున్నా అడిగేశాను.

అక్కడేం సుఖపడిపోలేదులెండి. పెద్దాయనది పెద్ద నోరు. నేను చేరిన కొత్తలో, అద్దాలు పంపేవాడు ఏదో తప్పు పంపాడని ఫోనులో ఒక్కసారిగా అరిచాడు. నేను చేతిలో పని అలాగే వదిలేసి, వెనక గదిలోకి వెళ్ళి, నా సంచి భుజాన వేసుకుని నిలబడ్డాను. ఎక్కడికి వెళ్ళాలో తెలియదు. కాళ్ళు మాత్రం సిద్ధంగా ఉన్నాయి. ఆయన వచ్చి చూశాడు. కాసేపు తల గోక్కున్నాడు. “నా నోరే అంత అమ్మాయ్, మా ఆవిడ కూడా మార్చలేకపోయింది. ఒక పని చేస్తా. ఇకనుంచి అరవాల్సి వస్తే ముందే చెప్పి అరుస్తా,” అన్నాడు.

నవ్వుతున్నారా? నిజమండీ బాబూ! ఇప్పటికీ అంతే. ఫోను చెవి దగ్గర పెట్టుకుని, చెయ్యి అడ్డం పెట్టి, “అమ్మాయ్, అరుస్తున్నా,” అంటాడు. నేను సరే అంటాను. అప్పుడు ఎత్తుకుంటాడు చూడండి గొంతు! కొనడానికి వచ్చినవాళ్ళు బిత్తరపోతారు. నేను మాత్రం ఫ్రేములు తుడుచుకుంటూ ఉంటాను. మొన్నొకసారి మర్చిపోయి చెప్పకుండా అరిచాడు. నేను ఉలిక్కిపడలేదు. ఉలిక్కిపడలేదన్న సంగతి ఇంటికొచ్చాక గుర్తొచ్చింది నాకు. అన్నం తింటూ ఆగిపోయాను.

ఇంకోటి, గురువారం గురువారం ఒక చోటికి వెళ్తాను. ఆసుపత్రి పైన చిన్న గది. నాలా దెబ్బలు తిన్న ఆడవాళ్ళే. గుండ్రంగా ప్లాస్టిక్ కుర్చీలు. ఎవరికి తోచింది వాళ్ళు చెబుతారు. నేను నోరు విప్పేదాన్ని కాదు. అందరి కథలూ వింటూ, వీళ్ళకి జరిగింది నిజం కష్టం, నాదేముంది, అనుకునేదాన్ని. ఆ గది నడిపే ఆవిడ కూడా, మాట్లాడు మాట్లాడు అని ప్రాణం తీయలేదు.

ఒక గురువారం నేను కూర్చున్న చోట సరిగ్గా నెత్తి మీద ఫ్యాను. చలేస్తోంది. చాలాసేపు ఓర్చుకున్నాను. తర్వాత ఎలా వచ్చిందో మాట, “ఫ్యాను కొంచెం తగ్గిస్తారా?” అన్నాను. ఆవిడ లేచి వెళ్ళి తగ్గించి వచ్చి కూర్చుంది. అంతే. ఎందుకు అనలేదు. నీ ఒక్కదానికేనా చలి అనలేదు. అత్తయ్యా, నేను అప్పుడు ఏడ్చిన ఏడుపు దెబ్బలు తిన్నప్పుడు కూడా ఏడవలేదు. నాకు చలేస్తోంది అంటే ఒక మనిషి లేచింది. ఆ చిన్న మాట అనడం కూడా మర్చిపోయానే అని…

బాగైపోయిందని అనుకోకండి. సబ్బు కొనడానికి వెళ్తే ఇప్పటికీ అక్కడే నిలబడిపోతాను. ఏది కావాలమ్మా అంటే నాకు ఏది ఇష్టమో నాకు తెలియదు. అన్నీ వాసన చూస్తూ ఉంటాను. కొట్టువాడు నన్ను దొంగనుకుంటాడేమో! కొన్ని రోజులు కళ్ళజోడు పెట్టుకునే పడుకుంటాను. పొద్దున చెంప మీద గీత పడి ఉంటుంది. పెద్దాయన చూసి, మళ్ళీ వంచావా ఫ్రేము, అని సణుగుతూ సరిచేస్తాడు. అలిసిపోయాను అత్తయ్యా. బాగవడం కూడా ఒక చాకిరీయే. సెలవు లేని చాకిరీ.

ఇప్పుడు నేనే మొహాల దగ్గర చేతులు పెట్టే పని చేస్తున్నాను. పెట్టే ముందు, పెట్టనా అండీ, అని అడుగుతాను. ఎక్కువమంది, ఇది కూడా అడగాలా అన్నట్టు చూస్తారు. ఎవరో ఒకరు మాత్రం మెడ వెనక్కి లాగుతారు, కళ్ళు గట్టిగా మూసుకుంటారు. జోడు వాళ్ళ చేతికే ఇస్తాను. ఏమీ అడగను.

కాబట్టి నేను రాను. అర్థమైందా? వాడు మారాడో లేదో నాకు అక్కర్లేదు. మారితే సంతోషం, ఇంకెవరికైనా పనికొస్తుంది. నేను మళ్ళీ ఆ ఇంట్లో…

అరెరె! కప్పు బల్ల మీద పెట్టండి అత్తయ్యా, గాలిలో వదిలేశారేమిటి! పర్లేదు, పర్లేదు, కదలకండి, పెంకులు ఉంటాయి. నేను తీస్తాను. కప్పుదేముంది.

ఒక్క నిమిషం. ఇటు చూడండి.

మీ కళ్ళజోడేది?

నాకు ఇదే పని కదా రోజూ, ఇందాకటి నుంచి ఎలా చూడలేదు నేను! నా గొడవలో నేను పడి… ముక్కుకి రెండువైపులా నొక్కులు అలాగే ఉన్నాయి, జోడు లేదు. బల్ల తగిలించుకున్నారు. టీ అందుకోవడానికి తడుముకున్నారు. ఇంట్లో మర్చిపోయారా? మర్చిపోయి, రెండు బస్సులు మారి, ఈ సందులో నా గది ఎలా పట్టుకున్నారు? అడుక్కుంటూ వచ్చారా?

పడిపోయి పగిలిందా?

పడిపోయిందా, ఎవరైనా పడేశారా?

నా వైపు చూడండి. నేను కనపడకపోయినా సరే, గొంతు వైపు చూడండి. శాలువా తీయనా? అడిగే తీస్తాను. మీరు ఊఁ అంటేనే.

…

ఎప్పటి నుంచి?

నేను వెళ్ళాకనా? అంటే ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో మీరొక్కరూ… మోచెయ్యి అంతా నల్లబడిపోయింది. వేళ్ళు కదులుతున్నాయా? మడవండి. ఆఁ, మడుస్తున్నారు. విరగలేదేమోలెండి, అయినా చూపించాలి. ఏమన్నాడు? కూరలో ఉప్పు ఎక్కువైందనా? చాల్లెండి, కారణం చెప్పకండి. ఏం చెప్పినా అది కారణం కాదు. ఈ మాట నాకు ఒంటపట్టడానికి ఎన్ని గురువారాలు పట్టాయో.

అయితే ఆ సంచిలో మీ బట్టలా? వాడు పంపితే వచ్చారనుకున్నాను. నన్ను తీసుకెళ్ళడానికి వచ్చారనుకుని ఇంతసేపూ వాయించాను. ఆపమని అనొచ్చుగా! నోరు మూసుకుని వినడమే కదా మీకు వచ్చింది. నాకూ అదే నేర్పబోయారు.

మీ చెల్లెలి దగ్గరికి ఎందుకు వెళ్ళలేదు? రానివ్వలేదా? సర్దుకుపో అందా? ఈ వయసులో ఎక్కడికి పోతావు అందా? ఊఁ. అంటుంది. సర్దుకుపో అని నాకు మీరు అన్న మాటే అది.

వాడు వెతుక్కుంటూ వస్తాడేమోననా? రావచ్చు. కింద షెడ్డులో మనుషులుంటారు. పోలీసులకి ఎలా చెప్పాలో, ఏం రాయించాలో ఆ గురువారం గది ఆవిడకి బాగా తెలుసు, ఇంతకు ముందు నాతో వచ్చింది. మళ్ళీ వస్తుంది. భయం లేదా అంటే, ఎందుకు లేదు? నాకూ ఉంది. భయపడుతూనే తాళం వేసి, భయపడుతూనే పనికి పోయి వస్తున్నాను ఇన్నాళ్ళూ. మీకూ అలవాటవుతుంది.

రేపు ముందు డాక్టరు. తర్వాత షాపుకి తీసుకెళ్తాను. మీ పాత పవరు ఎంతో గుర్తుందా? లేకపోతే చూస్తారులెండి. ఎవరూ చేతులు పెట్టరు. మీరే పెట్టుకోవచ్చు.

ఒకసారి, గుర్తుందో లేదో మీకు. వాడు నా జోడు దాచేసిన రోజుల్లో ఒకసారి, పొద్దున లేచేసరికి వంటింట్లో ఉప్పు డబ్బా పక్కన ఉంది. అద్దాలు శుభ్రంగా తుడిచి ఉన్నాయి. వాడు తుడవడు. ఎవరు పెట్టారో నాకు తెలుసు. మీరు ఆరోజంతా నా మొహం చూడలేదు. ఒక్కసారే. ఆ తర్వాత ఎన్నోసార్లు ఆ డబ్బా పక్కన తడిమి చూశాను, మళ్ళీ ఎప్పుడూ లేదు. ఆ ఒక్కసారి లేకపోతే ఇవాళ మిమ్మల్ని ద్వేషించడం ఎంత తేలికయ్యేదో!

ఇంకో మాట. దాచుకుంటే నాలోనే కుళ్ళుతుంది, చెప్పేస్తాను. మీ చెయ్యి చూడగానే నాకు ముందు జాలి కలగలేదు. ఇప్పుడు తెలిసిందా, అనిపించింది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. తియ్యగా ఉంది కూడా. దాన్ని మింగేసి వేళ్ళు మడవమన్నాను.

కాబట్టి నన్ను మంచిదాన్ని అనకండి. ఛ, ఆ దణ్ణాలేమిటి, చేతులు దించండి. నేను మిమ్మల్ని క్షమించలేదు. రేపు పొద్దున లేచినా క్షమించను. ఎప్పటికైనా క్షమిస్తానో లేదో నాకు తెలియదు. గిన్నెలు ఠపీమని పెడతాను ఒక్కోరోజు. ఒక్కోపూట మాట్లాడను. దానికి మీరు మూలకి నక్కక్కర్లేదు. ఈ గదిలో కోపం ఉంటుంది అత్తయ్యా, చెయ్యి లేవడం మాత్రం ఉండదు. నా చేతనైంది అంతే.

ఏడవండి, పర్లేదు. ఓదార్చడం నాకు చేతకాదు. పక్కన కూర్చుంటాను.

అంత అంచుమీద కూర్చున్నారేం, పడిపోతారు. కాళ్ళు పైన పెట్టుకుని, గోడకి ఆనుకుని సరిగ్గా కూర్చోండి. మీ ఇల్లే అనుకోండి అని మాత్రం అనను. ఇది నా ఇల్లు. నా ఇల్లు కాబట్టే ఉండమంటున్నాను.